తిరిగి లేపిన భయం: ‘ఎగ్జార్సిస్ట్’ పునరుద్ధరణపై ఒక దైవశాస్త్ర విమర్శ

ఉపోద్ఘాతం

గత కొన్ని సంవత్సరాలుగా అమెరికన్ చలనచిత్ర రంగంలో ఒక ధోరణి బలపడింది. ఒకప్పుడు ప్రేక్షకులను భయపెట్టిన హారర్ చిత్రాలను మళ్ళీ వెలికితీసి, అదే పేరుతో, కొన్నిసార్లు అదే నటీనటులతో కొత్త తరానికి అందిస్తున్నారు. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’కు కొనసాగింపుగా 2018లో వచ్చిన చిత్రం, మధ్యలో వచ్చిన భాగాలన్నిటినీ లేనట్టుగా భావించి, తొలి కథ దగ్గరనుండే మొదలుపెట్టింది. అది ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ తరువాత ‘స్క్రీమ్’ (2022), ‘ఈవిల్ డెడ్ రైజ్’ (2023), ‘ది ఫస్ట్ ఓమెన్’ (2024), ‘ఫైనల్ డెస్టినేషన్: బ్లడ్‌లైన్స్’ (2025) వంటివి వరుసగా వచ్చాయి.

వీటిలో ముసుగు తొడుక్కొని తిరిగే హంతకుల కథలతో సంఘానికి పెద్దగా పనిలేదు. అయితే కొన్ని చిత్రాలు మన పదజాలాన్నే అరువు తెచ్చుకుంటున్నాయి. దురాత్మ, యాజకుడు, సిలువ, క్రీస్తు విరోధి, విడుదల మొదలైన మాటలకు అర్థాన్ని వాక్యంలోనుండి గాక తెరమీదనుండి నేర్చుకున్నవారు నేడు అనేకులు. మన యౌవనస్థులు కూడా వీటిని ఫోనులోనే చూస్తున్నారు. కాబట్టి ఈ విషయాన్ని పక్కకు నెట్టివేయడం కాపరులకు, వేదాంత విద్యార్థులకు తగదని మా అభిప్రాయం.

ఇటువంటి చిత్రాలన్నిటిలోను ప్రధానమైన ‘ఎగ్జార్సిస్ట్’ను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము. వీటిని చూడమని గాని, చూడవద్దని గాని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఒక కథను యాభై సంవత్సరాలపాటు తిరిగి తిరిగి చెప్పినప్పుడు దానిలో ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్నదే మా ప్రశ్న. మా వాదన క్లుప్తంగా ఇది: పునరుద్ధరించిన ప్రతిసారీ దయ్యం తిరిగి వస్తున్నది గాని, దానికి జవాబుగా తొలి కథలో నిలిచిన అర్పణ తిరిగి రావడం లేదు.

1. మూలకథ

1949 ఆగస్టులో ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రిక ఒక వార్తను ప్రచురించింది. మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక బాలునికి దయ్యం పట్టిందని, కతోలిక యాజకులు ప్రార్థన క్రమం జరిపించి అతనిని విడిపించారని ఆ వార్త సారాంశం. బాలుని కుటుంబం తొలుత ఆశ్రయించినది ఒక లూథరన్ పాస్టరును. అప్పట్లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న విలియమ్ పీటర్ బ్లాటీని ఆ వార్త విడిచిపెట్టలేదు. ఆయన 1971లో రచించిన ‘ది ఎగ్జార్సిస్ట్’ నవలలో బాలుడు రీగన్ అనే పన్నెండేళ్ళ బాలికగా మారాడు. 1973 డిసెంబరులో విలియమ్ ఫ్రీడ్‌కిన్ దర్శకత్వంలో అది చలనచిత్రమైంది. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి హారర్ చిత్రంగా అది చరిత్రకెక్కింది. మొత్తం పది నామినేషన్లలో రెండు బహుమతులు గెలుచుకుంది.

ఈ చిత్రంలో మూడు విషయాలు దైవశాస్త్ర దృష్టితో గమనించదగినవి. మొదటిది, తల్లి క్రిస్ మాక్‌నీల్ విశ్వాసి కాదు. కుమార్తెను ముందుగా వైద్యుల యొద్దకే తీసుకువెళ్తుంది. పరీక్షలన్నీ ముగిసి, మానసిక వైద్యులు కూడా చేతులెత్తేసిన తరువాతనే ఆమె యాజకుని ఆశ్రయిస్తుంది. రెండవది, ఆ యాజకుడు డేమియన్ కారస్ స్వయంగా మానసిక వైద్యుడు, పైగా విశ్వాసం సన్నగిల్లుతున్నవాడు. తల్లిని ఒంటరిగా చనిపోనిచ్చానన్న అపరాధ భావం అతనిని కృంగదీస్తుంటుంది. మూడవది, కథ ముగింపు. వృద్ధ యాజకుడు మెరిన్ మరణించిన తరువాత, కారస్ ఆ దురాత్మను బాలికను విడిచి తనలోనికి రమ్మని సవాలు చేస్తాడు. అది తనలో ప్రవేశించగానే, బాలికకు హాని చేయకముందే కిటికీలోనుండి దూకి మెట్లమీద పడి ప్రాణం విడుస్తాడు.

2. కారస్ మరణం: అర్పణా, ఆత్మహత్యా?

ఈ ముగింపును మనము కళ్ళు మూసుకొని మెచ్చుకోలేము. కారస్ మరణాన్ని క్రీస్తు మరణానికి సాదృశ్యంగా చూపే వ్యాఖ్యానాలు సులభంగా పుట్టుకొస్తాయి. అయితే క్రీస్తు తన ప్రాణమును తండ్రి చిత్తానికి విధేయుడై పెట్టాడు, దానిని తిరిగి తీసుకొనుటకు అధికారం గలవాడై పెట్టాడు (యోహాను 10:17-18). కారస్ ఆగ్రహంతో, పిడికిళ్ళతో దురాత్మను తనమీదికి లాక్కుంటాడు. అక్కడ సిలువ నీడ ఉంది గాని పునరుత్థానపు వెలుగు లేదు. అది ఆత్మహత్య కాదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. మరణశయ్యమీద అతడు తన స్నేహితుడైన డయర్ యాజకుని చేతిని నొక్కి పాపక్షమాపణ పొందడం ఆ ప్రశ్నకు చిత్రం ఇచ్చే జవాబు.

ఇన్ని పరిమితులున్నా ఒక విషయం కాదనలేనిది. మరొకరి బిడ్డకోసం తననుతాను ఇచ్చివేసే వ్యక్తి ఆ కథకు కేంద్రం. చెడును జయించినది మంత్రోచ్ఛారణ కాదు, ప్రేమ చెల్లించిన మూల్యం. లోకసంబంధమైన ఒక చిత్రం సువార్తకు అంత దగ్గరగా రావడం అరుదు.

దురదృష్టవశాత్తు చాలామంది ప్రేక్షకులు చివరకు దయ్యమే గెలిచిందని అనుకొని బయటికి వచ్చారు. ఇది బ్లాటీని ఎంతో బాధించింది. మెట్లమీద కూర్చుని మెరిన్, కారస్ మాట్లాడుకునే ఒక చిన్న సన్నివేశాన్ని ఫ్రీడ్‌కిన్ తొలి విడుదలలో తీసివేశాడు. ఈ బాలికనే ఎందుకు పట్టింది అన్నది అక్కడి ప్రశ్న. చూచేవారు నిరాశపడి, తాము మృగప్రాయులమని, దేవుడు ప్రేమించుటకు తగనివారమని నమ్మాలన్నదే దురాత్మ లక్ష్యమని మెరిన్ సమాధానం. అంటే గురి బాలిక కాదు, ఆమె మంచం చుట్టూ నిలబడినవారు. 2000లో చిత్రాన్ని తిరిగి విడుదల చేసినప్పుడు, బ్లాటీ పట్టుదల మేరకు ఆ సంభాషణను చేర్చారు. ఈ కథకు జరిగిన పునరుద్ధరణలన్నిటిలో, తీసివేసిన దైవశాస్త్రాన్ని తిరిగి పెట్టినది ఇదొక్కటే అని మేము భావిస్తున్నాము.

3. కొనసాగింపులు: రద్దయిన అర్పణ

మిగిలిన కొనసాగింపుల చరిత్ర వేరు. 1977లో జాన్ బూర్‌మన్ తీసిన రెండవ భాగాన్ని ప్రేక్షకులు తిరస్కరించారు. 1990లో బ్లాటీయే దర్శకత్వం వహించిన మూడవ భాగం మరింత ఆలోచింపజేస్తుంది. అందులో కారస్ శరీరం ఒక మానసిక చికిత్సాలయంలో సజీవంగా కనబడుతుంది. ఒక హంతకుని ఆత్మ దానిని ఆక్రమించి ఉంటుంది. ఇక్కడ జరిగినదేమిటి? తొలి కథలో ముగిసిన అర్పణను కొనసాగింపు తిరిగి తెరిచింది. బాలికకోసం ప్రాణమిచ్చినవానికే విశ్రాంతి లేకుండా పోయింది. పైగా, దయ్యాన్ని వెళ్లగొట్టే సన్నివేశం లేని ‘ఎగ్జార్సిస్ట్’ చెల్లదని నిర్మాణ సంస్థ పట్టుబట్టి అటువంటి ఘట్టాన్ని చివర్లో చేర్పించింది.

తరువాత మెరిన్ యౌవనకాలపు కథను పాల్ ష్రేడర్‌కు అప్పగించారు. ఈయన కాల్వినిస్టు కుటుంబంలో పెరిగి, కాల్విన్ కళాశాలలో చదివినవాడు. ఆయన తీసిన చిత్రంతో తృప్తి చెందని నిర్మాతలు దానిని పక్కనబెట్టి, రెన్నీ హార్లిన్‌తో మళ్ళీ తీయించి 2004లో విడుదల చేశారు. ష్రేడర్ చిత్రం 2005లో గాని బయటికి రాలేదు. యాజకుని అంతరంగ పోరాటానికి సంతలో విలువ తక్కువని, అరుపులకూ రక్తానికీ విలువ ఎక్కువని నిర్మాతలు లెక్కవేశారన్నమాట.

4. 2023: అర్పణ స్థానంలో ఎంపిక

2021లో యూనివర్సల్ సంస్థ, పీకాక్ కలిసి మూడు కొత్త చిత్రాల నిమిత్తం సుమారు 40 కోట్ల డాలర్లతో ఒప్పందం చేసుకున్నాయని పత్రికలు తెలియజేశాయి. ‘హాలోవీన్’ను తిరిగి లేపిన డేవిడ్ గోర్డన్ గ్రీన్‌కే ఈ పని అప్పగించారు. 2023 అక్టోబరులో ‘ది ఎగ్జార్సిస్ట్: బిలీవర్’ విడుదలైంది.

కథ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జరుగుతుంది. ఏంజెలా, కేథరీన్ అనే ఇద్దరు బాలికలు అడవిలో తప్పిపోయి మూడు రోజుల తరువాత కనబడతారు. ఇద్దరినీ ఒకే దురాత్మ పట్టి ఉంటుంది. ఏంజెలా తండ్రి విక్టర్ భార్యను 2010 హైతీ భూకంపం కారణంగా పోగొట్టుకున్నవాడు, విశ్వాసాన్ని విడిచినవాడు. కేథరీన్ కుటుంబం బాప్టిస్టు సంఘానికి చెందినది. కతోలిక అధికారులు అనుమతి నిరాకరించగా, ఒకప్పుడు సన్యాసిని కావాలనుకున్న నర్సు, బాప్టిస్టు పాస్టరు, పెంతెకొస్తు బోధకుడు, మూలికలతో వైద్యం చేసే ఆఫ్రికన్-అమెరికన్ స్త్రీ కలిసి ప్రార్థనకు పూనుకుంటారు.

ఈ ఆలోచనలో మెచ్చుకోదగినది ఉంది. బాధపడే బిడ్డచుట్టూ ఇరుగుపొరుగు చేరడం, శాఖాభేదాలు పక్కన పెట్టడం మంచి ఉద్దేశమే. అయితే ఎవరి సూత్రం వారు పఠిస్తూ ఏది పనిచేస్తే అది చాలు అన్నట్టు చిత్రం నడుస్తుంది. స్కెవ కుమారులు పౌలు ప్రకటించే యేసు పేరును అరువు తెచ్చుకొని ప్రయోగించిన సంఘటన (అపొ.కా. 19:13-16) ఇక్కడ గుర్తుకు రాక మానదు. తమకు పరిచయంలేని నామాన్ని పనిముట్టుగా వాడిన ఆ యేడుగురు దిగంబరులై, గాయపడి పారిపోయారు. నామం ఒక సంబంధానికి గుర్తు. సంబంధం లేనిచోట అది శబ్దం మాత్రమే.

అంతకంటె గంభీరమైనది ముగింపు. ఇద్దరిలో ఒకరే బ్రతుకుతారు, ఎవరో ఎంచుకోండి అని దురాత్మ తల్లిదండ్రులను అడుగుతుంది. భయంతో తాళలేని కేథరీన్ తండ్రి తన కుమార్తెను ఎంచుకుంటాడు. దురాత్మ అబద్ధికురాలు గనుక ఎంచుకొనబడిన కేథరీనే చనిపోతుంది, ఏంజెలా బ్రతుకుతుంది. ఆలస్యంగా వచ్చిన కతోలిక యాజకుడు అప్పటికే హతుడవుతాడు. 1973లో ‘నన్ను తీసుకో’ అన్న భావంతో ఒక యాజకుడు నిలబడిన చోట, 2023లో ‘నా బిడ్డను వదిలిపెట్టు’ అనే తండ్రి నిలబడ్డాడు. అర్పణ పోయి ఎంపిక వచ్చింది. తననుతాను ఇచ్చుకొనుటకు బదులు మరొకరి బిడ్డను ఇచ్చివేయడం వచ్చింది. చిత్రం ఈ తండ్రిని సమర్థించదు, నిజమే. కాని అతనికి ఎదురుగా మరొక మార్గాన్ని కూడా చూపలేకపోయింది.

అబద్ధికుడు పెట్టిన ఎంపికను ఒప్పుకోనక్కరలేదన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టదు. అరణ్యంలో యేసు శోధకుడు పెట్టిన షరతులలో దేనినీ అంగీకరించలేదు (మత్తయి 4:1-11). విశ్వాసి అన్న పేరు పెట్టుకున్న చిత్రంలో లోపించినది ఈ విశ్వాసమే.

అయినా ఈ చిత్రంలో ఒక నిజం దొర్లింది. యాభై సంవత్సరాల తరువాత ఎలెన్ బర్‌స్టిన్ తిరిగి క్రిస్ మాక్‌నీల్‌గా కనబడుతుంది. తన కుమార్తె అనుభవం గురించి ఆమె పుస్తకం వ్రాసి ప్రసిద్ధురాలైంది. ఆ కారణంగానే రీగన్ తల్లిని విడిచి వెళ్ళిపోయింది. బిడ్డ బాధను బహిరంగ వస్తువుగా మార్చినందుకు ఆ తల్లి చెల్లించిన మూల్యం అది. ఈ సంగతిని దర్శకుడు కొద్ది నిమిషాల్లో దాటిపోయాడు. మనము దాటిపోకూడదు.

5. ముగింపు లేని చెడు

ఫ్రాంచైజీకి ఒక ఆర్థిక సూత్రముంది. శత్రువు పూర్తిగా ఓడిపోతే తరువాతి భాగం ఉండదు. కాబట్టి ప్రతి విజయం తాత్కాలికం కావాలి, ప్రతి సమాధి కొంచెం తెరిచి ఉండాలి. ‘బిలీవర్’కు ఆశించిన ఆదరణ లభించకపోవడంతో దానికి కొనసాగింపుగా 2025 ఏప్రిల్‌లో రావలసిన చిత్రాన్ని విరమించుకున్నారు. అయినా కథను వదలక, 2024లో మైక్ ఫ్లానగన్ అనే మరొక దర్శకుని ప్రకటించారు. చిత్రం ఓడినా దయ్యానికి మాత్రం పని దొరుకుతూనే ఉంది.

జీవితంలో చెడు నిజంగానే తిరిగి వస్తుంది కదా, దానినే చిత్రాలు చూపుతున్నాయి కదా అని ఒకరు అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. అపవాది గర్జించు సింహంలా తిరుగుతున్నాడని పేతురు హెచ్చరించాడు (1 పేతురు 5:8). వెళ్లగొట్టబడిన అపవిత్రాత్మ మరి ఏడు ఆత్మలను వెంటబెట్టుకొని తిరిగి వచ్చే సంగతిని ప్రభువే చెప్పాడు (మత్తయి 12:43-45). అయితే ఆ ఉపమానంలో దృష్టి దయ్యం శక్తిమీద లేదు. ఊడ్చి, అమర్చి, ఖాళీగా విడిచిపెట్టిన ఇంటిమీద ఉంది. తిరిగి రావడానికి కారణం శత్రువు బలం కాదు, ఇంట్లో యజమాని లేకపోవడం. తొలి చిత్రంలోని అర్పణను ఖాళీ చేసి, మంచం, అరుపులు, తిరిగే తల వంటి అలంకారాలను మాత్రం ఉంచిన కొనసాగింపులు అచ్చం అటువంటి ఇండ్లే.

హెబ్రీ పత్రిక రచయిత పదే పదే నొక్కిచెప్పేది దీనికి విరుద్ధమైనది. అనుదినము నిలిచి అవే బలులు అర్పించే యాజకులకు ఎదురుగా, ఒక్కసారే తననుతాను అర్పించుకొని కూర్చున్న క్రీస్తును ఆయన చూపుతాడు (హెబ్రీ 9:25-28, 10:11-14). పని ముగిసింది గనుకనే కూర్చోవడం. సిలువమీద ప్రధానులు, అధికారులు నిరాయుధులయ్యారని పౌలు అంటాడు (కొలస్సై 2:15). మన పోరాటం ఇంకా ఉంది, యుద్ధ ఫలితం మాత్రం తేలిపోయింది. సీక్వెల్ తర్కానికీ సువార్తకూ మధ్య తేడా ఇదే.

6. భయపెట్టి రప్పించే మతం

ఈ సందర్భంలో 2024 నాటి ‘ది ఫస్ట్ ఓమెన్’ను కూడా ప్రస్తావించాలి. 1976లో రిచర్డ్ డోనర్ తీసిన ‘ది ఓమెన్’ ప్రకటన 13:18లోని సంఖ్యను ఒక పసివాని తలమీది గుర్తుగా మార్చింది. అందులో ప్రకటన గ్రంథానిదిగా వినిపించే ప్రవచన పద్యం అసలు బైబిలులో లేదు. దాని రీమేకును 2006లో ఆరవ నెల ఆరవ తేదీన విడుదల చేసి ఆ సంఖ్యనే ప్రకటనగా వాడుకున్నారు. అర్కాషా స్టీవెన్‌సన్ తీసిన 2024 చిత్రం తొలి కథకు పూర్వకథ. 1971 నాటి రోమాలో కొందరు మతాధికారులు క్రీస్తు విరోధి పుట్టేలా రహస్యంగా కుట్ర పన్నుతారు. ఎందుకు? జనులు సంఘానికి దూరమౌతున్నారు గనుక, భయం పుడితే తిరిగి వస్తారని.

ఇది కల్పితం, కతోలిక సంఘానికి అన్యాయం చేసేదిగా కూడా కొందరికి తోచవచ్చు. అయినా ఈ ఆరోపణ ఏ శాఖవారైనా అద్దంలో చూచుకోవలసినది. విశ్వాసం తగ్గినప్పుడు సాతానును పెద్దవానిగా చూపి జనాన్ని నిలుపుకోవాలన్న శోధన కొత్తది కాదు. పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టునని యోహాను వ్రాశాడు (1 యోహాను 4:18). భయంతో నిండిన మందిరం రేపు భయం తగ్గగానే ఖాళీ అవుతుంది.

7. మన సంఘాలకు కొన్ని సూచనలు

తెలుగు ప్రాంతాల్లో దయ్యం పట్టిందని, గాలి సోకిందని, చేతబడి జరిగిందని పాస్టరు యొద్దకు తీసుకువచ్చేవారు నేటికీ ఉన్నారు. కాబట్టి ఈ విమర్శ మనకు కేవలం సినిమా చర్చ కాదు.

మొదటిగా, వైద్యాన్ని తృణీకరించరాదు. జర్మనీలో ఆనెలీజె మిషెల్ అనే యువతి మూర్ఛవ్యాధికి చికిత్స పొందుతూ ఉండేది. 1975-76లో ఆమెపై 67 పర్యాయాలు దయ్యాన్ని వెళ్లగొట్టే క్రమం జరిపించారు. 1976 జూలై 1న ఆహారలోపంతో 23వ యేట ఆమె మరణించింది. 1978లో తల్లిదండ్రులను, ఇద్దరు యాజకులను న్యాయస్థానం నిర్లక్ష్యంవల్ల కలిగిన మరణానికి దోషులుగా తీర్చింది. 1999లో కతోలిక సంఘం 1614 నాటి తన క్రమాన్ని సవరించి, వైద్యపరమైన విచారణ అవసరాన్ని నొక్కిచెప్పింది. ‘ఎగ్జార్సిస్ట్’లోని అవిశ్వాసియైన తల్లి ముందుగా ఆసుపత్రికి వెళ్ళింది. విశ్వాసులమైన మనము అంతకంటె తక్కువ జాగ్రత్త చూపడం న్యాయమా?

రెండవదిగా, వేదికను తెరగా మార్చరాదు. గెరాసేనుల దేశంలో దయ్యములు పట్టినవాని వృత్తాంతంలో (మార్కు 5:1-20) చివరి దృశ్యం అరుపులు కాదు. అతడు బట్టలు ధరించి, స్వస్థచిత్తుడై కూర్చుండుట, తరువాత ఇంటివారియొద్దకు పంపబడుట. తాను పొందిన కనికరాన్ని అక్కడ తెలియజేసే పని ప్రభువు అతనికే అప్పగించాడు. బాధితురాలి జుట్టు, కేకలు, పేరు, ముఖం వీడియోగా తీసి పంచిపెట్టే విడుదల కూటం ఆమెను ఇంటికి పంపడం లేదు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఆ వీడియోతో ఊరిలో ఎలా బ్రతుకుతుందో ఆలోచించాలి. సాక్ష్యం చెప్పే హక్కు విడుదల పొందిన వ్యక్తిది, ప్రార్థించినవానిది కాదు. రీగన్ ఎందుకు ఇల్లు విడిచిందో ఇక్కడ జ్ఞాపకం చేసుకుందాం.

మూడవదిగా, ప్రతి శుక్రవారం అదే వ్యక్తిలో అదే దయ్యాన్ని వెళ్లగొడుతూ ఉంటే, మనము కూడా తెలియకుండానే ఫ్రాంచైజీ నడుపుతున్నామేమో పరీక్షించుకోవాలి. ఆ ఇల్లు ఖాళీగా ఉందా? ఆమెకు వాక్యం, సహవాసం, మందులు, ఇంట్లో కొట్టే భర్తనుండి కాపుదల ఉన్నాయా? దయ్యం పేరు అడగడానికి వెచ్చించే సమయంలో సగమైనా ఆమె కథ అడగడానికి వెచ్చిస్తున్నామా?

ముగింపు

దయ్యములు తమకు లోబడుచున్నవని సంతోషించి తిరిగి వచ్చిన డెబ్బదిమంది శిష్యుల దృష్టిని ప్రభువు మరొకవైపు త్రిప్పాడు. వారి పేరులు పరలోకమందు వ్రాయబడి ఉండుటయే వారి సంతోషానికి ఆధారమన్నాడు (లూకా 10:17-20). హారర్ ఫ్రాంచైజీ గుర్తుంచుకునేది దయ్యం పేరును. ప్రభువు గుర్తుంచుకునేది మనిషి పేరును.

పాత భయాన్ని ప్రతి తరానికి తిరిగి అమ్మడం సంత పని. ఒక్కసారే జరిగిన అర్పణను ప్రతి తరానికి తిరిగి ప్రకటించడం సంఘం పని. ఈ రెండూ పైకి ఒకేలా కనిపించవచ్చు, రెండింటిలోను పాత కథనే మళ్ళీ చెబుతాము గనుక. సంత చెప్పే కథకు మరొక భాగం ఎప్పుడూ కావాలి. మనము చెప్పే కథకు కావలసినది విని, విడుదల పొంది, ఇంటికి వెళ్ళే మనుష్యులు.